బీరువాలో సంస్థ చరిత్ర

పాల కేంద్రంలో రైతు చేతికొచ్చే చీటీలో లీటర్లు, వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల (ఎస్‌ఎన్‌ఎఫ్) శాతం, రేటు అన్నీ పక్కాగా ఉంటాయి. తంటా పెద్ద కాగితాలతోనే. ఉదాహరణకు, వడ్లమూడి సంగం డెయిరీ సహకార సంఘంగా మొదలై, 2013లో ప్రొడ్యూసర్ కంపెనీ అయింది. దాన్ని స్వాధీనం చేసుకోవడానికి 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1978 నాటి ఉత్తర్వును రద్దు చేసింది. మేలో హైకోర్టు ఆ రద్దు జీవో అమలును నిలిపేసింది. గొడవంతా నలభై మూడేళ్ల నాటి కాగితం మీద!

మన పెద్ద సంస్థల్లో చాలాచోట్ల తీర్మానాల పుస్తకాలు, లీజు పత్రాల ఆచూకీ ఒక్క గుమాస్తాకే ఎరుక. ఆయన రిటైరైతే అంతే సంగతులు. స్కాన్ చేసి పడేస్తే చాలదు. ఏ తీర్మానం ఏ ఆస్తిదో వెతగ్గానే దొరకాలి. సర్వసభ్య సమావేశంలో పాడిరైతులు బోనస్‌తో పాటు ఈ కాగితాల లెక్కా అడగాలి.