ఈ మధ్య చదివిన నాలుగు పుస్తకాలు: ఒక వైద్యుని అభిప్రాయం



ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చదివినవి వైద్య గ్రంథాలు, ప్రభుత్వ ఉత్తర్వులు మాత్రమే. డెబ్బయ్యో పడి దాటాక ఆ లోటు తీర్చుకుంటున్నాను. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ వద్ద రైలు మారితే చిక్కడపల్లి చేరవచ్చు. నగర కేంద్ర గ్రంథాలయం అక్కడే ఉంది. ఆ ప్రయాణమే నాకు ఒక వ్యాయామం. ఇటీవల చదివిన నాలుగు పుస్తకాలపై నా అభిప్రాయాలను మీ ముందుంచుతున్నాను. వీటిలో మూడింటిని మీరు తప్పక చదవాలని కోరుతాను. నాల్గవది మా పొరుగువారిని ఆసుపత్రి పాలు చేసింది.

మొదటిది అతుల్ గవాండే 2014లో వెలువరించిన ‘బీయింగ్ మోర్టల్’. ఆయన అమెరికాలోని బోస్టన్‌లో శస్త్రవైద్యులు. ఆయన తండ్రి కూడా శస్త్రవైద్యుడే. తండ్రి వెన్నుపాములో కణితి ఏర్పడినప్పుడు తమ కుటుంబం ఎదుర్కొన్న సందిగ్ధాన్ని ఆయన దాపరికం లేకుండా వివరించారు. నయం కాని జబ్బుతో ఉన్న మనిషిని ‘మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది? దేనికి భయపడుతున్నారు?’ అని అడగడం వైద్యుని ధర్మమని ఈ గ్రంథం బోధిస్తుంది. నా సర్వీసులో ఎందరిని ఆ మాట అడిగానా అని లెక్కించాను. ఒక చేతి వేళ్లే ఎక్కువయ్యాయి. అమెరికా వృద్ధాశ్రమాల ప్రస్తావన కొంత దీర్ఘంగా తోచినా, పిల్లలు విదేశాలలో, తల్లిదండ్రులు నాచారం అపార్టుమెంట్లలో ఉంటున్న ఈ కాలంలో అది మనకు సంబంధించని విషయమని అనలేను.

రెండవది డాక్టర్ కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’. రచయిత నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో వైద్యులుగా పనిచేశారు. తప్పిపోయిన తన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్లి, రాత్రి వేళ ఒంటరిగా పోరాడడమే ఇందులోని కథ. రోగం గురించీ, మందుల గురించీ బోధ ఏదీ లేదు. అయినా ఔట్‌పేషెంట్ గది ముందు బెంచీపై కూర్చునే వృద్ధులను నేను ఇంతకాలం సరిగా చూడలేదని ఈ చిన్న నవల నాకు తెలియజేసింది. ప్రతి వృద్ధుడూ తనదైన ఒక అడవిని దాటుకునే మన దగ్గరికి వస్తాడు. మనం మాత్రం అతని రక్తపోటు అంకెను చూసి పంపివేస్తాం.

మూడవది ఆయుర్వేద వైద్యులు, మద్రాసులోని కేసరి కుటీరం స్థాపకులు కె.ఎన్. కేసరి రచించిన ‘చిన్ననాటి ముచ్చట్లు’. పేదరికంలో పుట్టి, చిన్న వయసులోనే మద్రాసు చేరి నిలదొక్కుకున్న మనిషి ఆత్మకథ ఇది. ఆయన చికిత్సా విధానంతో నాకు ఏకీభావం లేని చోట్లు ఉన్నాయి. కానీ ఆ భాష ఇంటి అరుగుపై కూర్చుని పలకరించినట్లు ఉంటుంది. స్త్రీల కోసం ‘గృహలక్ష్మి’ పత్రికను నడిపిన వ్యక్తికి ఆ పలకరింపు సహజమే.

ఇక నాల్గవది. దాని పేరు చెప్పను. మధుమేహాన్ని కొద్ది వారాలలో నిర్మూలించవచ్చునని, మాత్రలన్నీ మానివేయవచ్చునని అట్టపైనే ప్రకటించిన పుస్తకం. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసి రిటైరైన మా పొరుగాయన దానిని నమ్మి నాలుగు నెలలు మాత్రలు మానేశారు. అరికాలిలో పుండు పడినా ఆయనకు తెలియలేదు. చక్కెర అదుపు తప్పి ఏళ్లు గడిస్తే పాదాల నరాలు స్పర్శ కోల్పోతాయి. నొప్పి లేని పుండే ఎక్కువ ప్రమాదకరం. ఆసుపత్రిలో చేరాక కాలు దక్కింది, రెండు వేళ్లు దక్కలేదు.

నేను కొంచెం కటువుగానే అడిగాను, ఎందుకు నమ్మారని. ఆయన నెమ్మదిగా అన్నారు: “సార్, మీరు రాసిచ్చిన చీటీ నాకు చదవరాలేదు. ఆ పుస్తకం మాత్రం నాతో మాట్లాడినట్టే ఉండె.”

ఆ మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది. ఆ చీటీ రాసింది నేనే. మాత్ర ఎందుకు వేసుకోవాలో, మానితే ఏమవుతుందో తెలుగులో ఒక్క పేజీ రాసి ఇవ్వలేదు. మేము ఖాళీగా విడిచిన చోటనే ఆ పుస్తకం వచ్చి కూర్చుంది.

కనుక ఆరోగ్య గ్రంథాలు చదవవద్దని నేను అనను. చదివే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోండి. రచయిత అర్హత ఏమిటి? ఈ పద్ధతి ఎవరికి పనికిరాదో చెప్పారా? చివరి పేజీలలో ఏదైనా అమ్ముతున్నారా? మిమ్మల్ని పరీక్షించకుండానే మందు మానమంటున్నారా? ఈ చివరి దానికి ‘అవును’ అని జవాబు వస్తే పుస్తకం మూసివేయండి. ఆహార నియమం, నడక, బరువు తగ్గడం వల్ల మధుమేహంలో కొందరికి మందుల మోతాదు తగ్గుతుంది. కొందరికి అవసరమే లేకపోవచ్చు. కానీ ఆ నిర్ణయం పరీక్షలు చూసి వైద్యులు చేయాలి. ఇన్సులిన్‌పైనే ఆధారపడిన వారు దానిని మానితే ప్రాణానికే ముప్పు.

నా తోటి వైద్యులకు ఒక మనవి. మన రోగులు చదువుతున్నారు. వారికి అర్థమయ్యే తెలుగులో మనమూ రాయాలి. ఆ పొరుగాయనకు ఈ వారం ఒక పేజీ రాసి ఇచ్చాను, పెద్ద అక్షరాలతో. దానితో పాటు కేశవరెడ్డి నవల కూడా ఇచ్చాను. పేజీ చదివారట. నవల ఇంకా సగంలో ఉందట. ముసలివాడికి పంది దొరుకుతుందా అని అడిగారు. చెప్పలేదు.