పైనుంచి చూస్తేనే డెల్టా



ఫ్లైట్ సిమ్యులేటర్‌లో గోదావరి చూడాలంటే కొబ్బరిచెట్ల మీదుగా కిందనే ఎగరాలని, పాత యుద్ధ విమానంలో 30,000 అడుగులకు ఎక్కడం వృథా అని కిందటి సంచికలో వచ్చిన లేఖతో నేను ఏకీభవించను. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో నేల ఉపగ్రహ చిత్రం. దాని మీద చెట్లూ ఇళ్లూ చాలావరకు ప్రోగ్రాం అంచనాతో నాటినవి. కిందికి దిగితే కోనసీమ పెంకుటిల్లు ఉండాల్సిన చోట ఏ ఊరిదో తెలియని ఇల్లు కనిపిస్తుంది. పైకెళ్లేకొద్దీ ఆ కల్పన చెరిగిపోయి అసలు నేల మిగులుతుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట సన్నని గీత. దాని దిగువన గౌతమి తూర్పుకూ, వసిష్ఠ పడమరకూ చీలితే, మధ్యలో కోనసీమ పచ్చని త్రికోణం. అటు యానాం, ఇటు అంతర్వేది, దూరంగా కొల్లేరు, అన్నీ ఒక్క చూపులో.

దానికి ప్రయాణికుల జెట్ చాలదా అంటారు. చాలదు. స్పిట్‌ఫైర్ లాంటి పాత యుద్ధ విమానంలో ఆ ఎత్తును సంపాదించుకోవాలి. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంలో సుమారు 37 శాతమే. సూపర్‌చార్జర్ గాలిని కుదించి అందిస్తేనే దాని మెర్లిన్ ఇంజిన్ లాగుతుంది. వేగసూచి గంటకు 200 మైళ్లు చూపుతుంటే విమానం నిజానికి సుమారు 320 మైళ్ల వేగంతో పోతుంటుంది. గాలి ఎంత పలచనో ఆ ముల్లే చెబుతుంది.

యుద్ధ యంత్రంతో విహారమేమిటన్న అభ్యంతరం మాత్రం బరువైనదే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి, దాన్ని మరవకూడదు. కానీ ఈ విహారంలో తుపాకీకి పనిలేదు. ఆ లేఖ రాసిన పాఠకుడు ఒక్కసారి సిమ్యులేటర్‌లో మధురపూడి విమానాశ్రయం నుంచి లేచి, పైకి వెళ్లి చూసి తీర్పు చెప్పాలని నా మనవి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం