రాద్ధాంతం చెయ్యకు బాబూ!

"ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతం దేనికి?" ఈ మాట వినపడకుండా మన ఆఫీసుల్లో ఒక్క డిజైన్ రివ్యూ అయినా పూర్తవుతుందా? ఆ ఫీల్డు ఖాళీగా వస్తే ఏం చేద్దాం అని ఒకడు అడుగుతాడు. రిలీజు దగ్గరపడి కంగారులో ఉన్న లీడు గారు ఈ అస్త్రం తీస్తారు. అడిగినవాడు గప్‌చుప్. ఆర్నెల్ల తర్వాత అదే ఫీల్డు పుణ్యమా అని శనివారం రాత్రి అందరూ కాల్‌లో ఉంటారు.

అసలు రాద్ధాంతం అంటే ఏంటి? సిద్ధాంతానికి ఇది వ్యతిరేక పదమని చాలామంది అనుకుంటారు. కాదండీ, సంస్కృతంలో రెండూ ఒకటే! సిద్ధం అన్నా రాద్ధం అన్నా నెరవేరినది, సాధించినది అని. దానికి 'అంతం' చేరిస్తే, వాదించి చివరికి తేల్చిన నిర్ణయం అన్నమాట. అమరకోశం కూడా ఈ రెండు మాటలూ సమానమనే చెబుతుంది.

ఆ నిర్ణయం ఊరికే రాదు. మీమాంసకుల పద్ధతిలో ముందు విషయం, తర్వాత సందేహం, ఆ తర్వాత పూర్వపక్షం, అంటే అవతలివాడి వాదన. దానికి జవాబు చెప్పాకే సిద్ధాంతం. తెలుగులోకొచ్చేసరికి తేల్చడం జారిపోయి, గొడవ ఒక్కటే మిగిలింది.

మాటలకి అర్థాలు మారడం మామూలే. నిఘంటువు చేతపట్టుకుని "మీరు తప్పు మాట్లాడుతున్నారు" అని నేననను. అనేస్తే అదే అసలైన రాద్ధాంతం :) నా బాధల్లా ఆ మాటతో ఎదుటివాడి నోరు మూయించడం గురించే. ఒక ప్రశ్న అనవసరమని తేల్చాలన్నా ముందు దాన్ని వినాలి కదా?

1999 సెప్టెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా వెళ్ళి నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెల్ని ఇంకోటి న్యూటన్ల లెక్కలో తీసుకుంది. తేడా సుమారు 4.45 రెట్లు. దారి లెక్కలు సరిగా కుదరట్లేదని నావిగేషన్ వాళ్ళకి ముందే అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని ఎవరూ చివరిదాకా తేల్చలేదు. "ఇవి ఏ యూనిట్లు?" ఎంత చిన్న ప్రశ్న చూడండి!

అలాగని ప్రతి గొడవా గొప్పదని కాదు. ట్యాబులా స్పేసులా అని గంటసేపు కొట్టుకుంటే అది శుద్ధ దండగే. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఇది తప్పైతే నష్టం ఎవరికి, ఎంత? ఎవరికీ లేదంటే వదిలెయ్యండి. ఉందంటే, ప్రశ్న ఎంత చిన్నదైనా సమాధానం రావాల్సిందే.

కాబట్టి ఈసారి ఎవరైనా "రాద్ధాంతం చెయ్యకు" అంటే ఒక్కటే అడగండి. "సరేనండీ, మరి మీరేం తేల్చారు?"