కొబ్బరి మానుపై గూళ్లను చూడుడు

మట్టలకు ఈనెలు మాత్రమే మిగిలిన పిదప మందుకై పరుగెత్తుట మన కొబ్బరి తోటలలో అలవాటైపోయినది. అప్పటికి తినవలసినదంతయు పురుగు తినివేసియుండును.

ఈ నష్టమునకు మూలము ఆకుపచ్చని ముందురెక్కలు, గోధుమరంగు అంచు గల ఒక రెక్కల పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని పరస లెపిడ అందురు. రెక్కల పురుగు ఏమియు తినదు. ఆకు అడుగున గుడ్లు పెట్టును, అంతే. తినునది దాని గొంగళి. పసరు వన్నె ఒంటిపై నీలి చారలు, వరుసలుగా ముళ్లు ఉండును. పిల్ల గొంగళులు గుంపుగా ఆకు అడుగును గీకును. ఎదిగినవి ఈనె తప్ప ఏమియు మిగల్చవు. తోటలో కోకో ఉన్నచో దానిని సైతము విడువవు. ముళ్లు తాకిన ఒళ్లు మండిపోవును కనుక దింపు కార్మికులు అట్టి చెట్టెక్కుటకు వెనుదీయుదురు. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు.

కొబ్బరి చెట్టు ఏడాదికి సుమారు 12 మట్టలు వేయును. ఒక్కొక్క మట్ట మొదట ఒక్కొక్క గెల. పది మట్టలు పోయిన చెట్టు ఎన్నాళ్లకు తేరుకొనునో రైతే లెక్క వేసికొనగలడు.

ఎదిగిన గొంగళి మానుపైకి, మట్టల మొదళ్లకు చేరి పెంకువంటి గట్టి గూడు కట్టుకొని, సుమారు మూడు వారములు కదలక ఉండును. మనకు చిక్కునది అప్పుడే. చేతికి గోనెగుడ్డ చుట్టుకొని, కత్తితో గూళ్లను గీకి తీయవలెను. గూటికంటిన నూగు కూడ దురద పెట్టును. తీసినవాటిని వెంటనే కాల్చరాదు. కొన్నింటిలో ఈ పురుగును చంపు చిన్న కందిరీగలు పెరుగుచుండును. బుట్టలో వేసి సన్నని వల కట్టి తోటలోనే ఉంచినచో కందిరీగలు బయటపడును, రెక్కల పురుగులు లోపలనే చచ్చును.

మందుల మాటకు వచ్చిన, పూర్వము సిఫారసు చేసిన కార్బరిల్‌ను 2018లో కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. బి.టి. మందు పిల్ల గొంగళులపై పనిచేయును గాని, ఎత్తైన చెట్టు తలవరకు పిచికారి చేయు సాధనము ఎందరికున్నది?

ఒక్క తోటలో గూళ్లు తీసి పక్క తోటలో వదలినచో రెక్కల పురుగులు తిరిగి వచ్చును. యజమాని పట్టణమున, కౌలుదారు ఊరిలో ఉన్నచోట ఈ పని ఎవరిదియు కాక మిగిలిపోవుచున్నది. గ్రామ వ్యవసాయ సహాయకులు ఇట్టి తోటల జాబితా వ్రాసికొని, ఊరంతటికి ఒకే వారము నిర్ణయించవలెను. ఆ తరువాత రాత్రివేళ దీపముల వద్ద ఆకుపచ్చని రెక్కల పురుగులు కనబడినచో, కొద్ది దినములలో క్రింది మట్టల అడుగుభాగములను మరల తిప్పి చూడవలసియుండును.