అమ్మకూ ఓ ప్లేడే

కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు వైపు వెళ్లి ఏ సింగరేణి కార్మికుణ్ని అడిగినా ‘ప్లేడే’ అంటే ఏమిటో టకీమని చెబుతాడు. వారానికోసారి వచ్చే సెలవు. ఆ రోజు డ్యూటీకి పిలిచారంటే మామూలు కూలి కాదు, రెట్టింపు లెక్క. అక్షరాలా తీసుకుంటే ప్లేడే అంటే ఆటల రోజు! గనిలో ఆరు రోజులు ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి ఏడోరోజు విశ్రాంతి ఉండాలని 1952 నాటి గనుల చట్టమే చెప్పింది.

బాగానే ఉంది. మరి అదే క్వార్టర్లో ఆయనకు క్యారియర్ కట్టి పంపే ఆవిడకు ప్లేడే ఎప్పుడు?

ఆదివారం అందరికీ ఆలస్యంగా తెల్లవారుతుంది. ఆవిడకు మాత్రం కాదు. పిల్లలు తొమ్మిదింటికి లేస్తారు కాబట్టి టిఫిన్ రెండు విడతలు. సెలవు కదా... ఇడ్లీ అంటే మొహాలు ముడుస్తారు, పూరీయో మసాలా దోసెయో కావాలి. తర్వాత తలంట్లు. వారమంతా పేరుకున్న బట్టలు. మార్కెట్ నుంచి చికెనో గోదారి చేపలో వస్తాయి. తెచ్చిన ఆయన పని సంచీ గట్టుమీద పెట్టడంతో అయిపోతుంది, ఆవిడ పని అక్కణ్నుంచి మొదలవుతుంది. మధ్యాహ్నం చుట్టాలు. సాయంత్రం యూనిఫాంల ఇస్త్రీ, సోమవారం పొద్దుటికి పిండి రుబ్బడం. రాత్రి పడుకోబోతూ ‘అమ్మయ్య, రేపు స్కూళ్లూ ఆఫీసులూ ఉన్నాయి’ అనుకునే మనిషి ఇంట్లో ఆవిడొక్కతే!

ఇక పాటో, కుట్టో, పుస్తకమో, ముగ్గో... ‘ఒకప్పుడు బాగా వచ్చేది’ అనే జాబితాలోకి చేరిపోయి ఉంటాయి.

లెక్క చూస్తే...

ఇది ఎవరో విసుక్కుని అంటున్న మాట కాదు. జనం రోజులోని 24 గంటలూ ఎలా గడుపుతున్నారో తెలుసుకోవడానికి కేంద్ర గణాంక శాఖ ‘టైమ్ యూజ్ సర్వే’ చేయించింది. 2019 సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. మగవాళ్లు 97 నిమిషాలు. అది కూడా ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల లెక్క. అలాంటివాళ్లు నూటికి 26 మందే. ఆడవాళ్లయితే నూటికి 81 మంది. 2024లో మళ్లీ సర్వే చేస్తే ఆడవాళ్ల లెక్క 289 నిమిషాలకు దిగింది. సంతోషించేలోపే పక్క గడి చూడండి... మగవాళ్లది కూడా 88కి దిగింది!

289 నిమిషాలంటే దగ్గర దగ్గర అయిదు గంటలు. వారానికి 33 గంటల పైమాటే. ఇందులో పిల్లల్నీ పెద్దవాళ్లనీ చూసుకోవడం కలవలేదు, అది వేరే పద్దు. సర్వే ఆరేళ్లు దాటిన అందర్నీ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, గిన్నెలు సర్దే చిన్నపిల్ల చేతులు కూడా ఈ సగటులో ఉన్నాయి.

ఇంకో సంగతి. ఆదివారం సెలవనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంచుమించు ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన రోజుల్లోనే బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ల తరబడి అడిగి, పోట్లాడి 1890లో వారానికో సెలవు సాధించుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో పదివేల మంది కార్మికులు చేరిన సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. అంటే ఆదివారం కావాలని అడిగినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వచ్చిన ఆదివారం మాత్రం వాళ్ల వంటింటి గడప దాకా వచ్చి ఆగిపోయింది.

పాతకాలంలో ఉండేవి

‘మా అమ్మమ్మలకు ఇవన్నీ ఉన్నాయా?’ అని అడిగేవాళ్లుంటారు. ఉండేవి. పేరు మాత్రం హాబీ కాదు.

భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, తర్వాత ఖమ్మం జిల్లాలో చేరింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అందుకే ఈ చుట్టుపక్కల అటు అట్లతద్ది ముచ్చట్లూ, ఇటు బతుకమ్మ పాటలూ రెండూ వినిపిస్తాయి. అట్లతద్ది నాడు తెల్లవారక ముందే లేచి ఆటలాడి ఉయ్యాలలూగడం ఆడపిల్లల హక్కు. బతుకమ్మ తొమ్మిది రోజులూ పొద్దుగూకితే ఆడవాళ్లు ఇంట్లో ఉండరు. ‘పొయ్యి మీద కూర ఏమైంది?’ అని ఆ తొమ్మిది రోజులూ వీధిలోకి వచ్చి అడిగే ధైర్యం ఏ మగాడికీ లేదు.

అడవి వైపు వెళితే కోయ గూడేల్లో రేలపాట. పెళ్లయినా పండగయినా ఆడవాళ్లు చేతులు కలిపి వరసగా నిలబడి అడుగులేస్తూ పాడతారు. వాళ్లకేమీ తీరిక ఎక్కువై కాదు. ఎండాకాలం ఇప్పపూలు ఏరడానికి చీకటితోనే లేవాలి. తునికాకు సీజన్ వస్తే అడవంతా తిరిగి కోసి, యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి, కల్లంలో లెక్క అప్పజెప్పాలి. ఆ తర్వాత వంట, నీళ్లు, పిల్లలు ఎలాగూ ఉన్నాయి. అయినా పండగ నాడు డోలు మోగితే పాటకు పిలుపు వచ్చినట్టే. ‘నీకు ఖాళీ ఉందా?’ అని ఎవరూ అడగరు.

ఈ మూడింటిలోనూ ఒక తెలివి ఉంది. రోజు ముందే ఖాయం. ఊరందరికీ తెలుసు. ఒక్కతీ కాదు, పదిమంది కలిసి వెళతారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘దీనివల్ల ఏం లాభం?’ అని ఎవరూ అడగరు. మనం పోగొట్టుకున్నది ఇదే. పండగలు ఏడాదికోసారి మిగిలాయి, వారం వారం వచ్చే ఆదివారం మాత్రం పనిదినమై కూర్చుంది.

రామయ్య పేరు చెబితే...

భద్రాచలంలో శ్రీరామనవమికి జరిగే కల్యాణానికి గోటి తలంబ్రాలు వస్తాయని మనందరికీ తెలుసు. తూర్పుగోదావరి వైపు కోరుకొండ ప్రాంతం భక్తులు ప్రత్యేకంగా వరి పండించి, రోకలి తగలకుండా ఒక్కో గింజనూ గోటితో ఒలిచి, రాములవారికి తెస్తారు. ఎంతోమంది ఆడవాళ్లు చుట్టూ కూర్చుని, పాటలు పాడుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ ఒలిచే గింజలవి. చూడముచ్చటైన పని. చేసేవాళ్ల మొహాల్లో అలసట ఉండదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. ఇంటి పనులతో ఊపిరాడని మనిషికి ఇన్ని గంటలు ఎక్కణ్నుంచి వచ్చాయి? దేవుడి పని కాబట్టి ఇంట్లోవాళ్లు సర్దుకున్నారు. వంట కాస్త ఆలస్యమైతే ‘పోన్లే’ అన్నారు. అంటే సర్దుకోవడం మనవాళ్లకు చేతకాక కాదు! దేవుడి కోసమో, పిల్లల కోసమో, చుట్టాల కోసమో అయితే టైమ్ దొరుకుతుంది. ‘నా కోసం’ అనేసరికి మాత్రం గొంతు పెగలదు. అడిగే ఆవిడకూ తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

హాబీ కాస్తా కూలి అయితే?

ఈ తప్పు చేస్తున్న భావనకు మనం కనిపెట్టిన మందు ఒకటుంది. ‘దాంతో నాలుగు డబ్బులు వస్తే పోలా?’ అనడం. కుట్టు వస్తే బ్లౌజులు కుట్టమంటాం. మగ్గం వర్క్ వస్తే ఆర్డర్లు పట్టమంటాం. వంట బాగుంటే పచ్చళ్లు అమ్మమంటాం. సంపాదన తప్పని ఎవరూ అనరు, చాలా ఇళ్లలో అదే ఆధారం. కానీ ఇందులో ఒక కిటుకుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి దుమ్ముగూడెం వెళ్లాలి.

పర్ణశాలకు వెళ్లేవాళ్లు దుమ్ముగూడెం మండలంలోకే వెళతారు. 19వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చింది. గోదావరి దిగువన నరసాపురంలో అంతకుముందే, 1844 ప్రాంతంలో మొదలైన లేసు పెద్ద వ్యాపారమైంది. సన్నని దారం, చిన్న కొక్కెం... చూడ్డానికి హాబీకి నిలువెత్తు ఉదాహరణ. ఆ నరసాపురం లేసు మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చూసింది ఏమిటంటే, అక్కడి ఆడవాళ్లు ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. అది విదేశాలకు వెళ్లేది. చేతికొచ్చేది మాత్రం కనీస కూలి కన్నా ఎంతో తక్కువ. ఎందుకు? ‘ఇంట్లో ఉండే ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పనేగా’ అన్న ఒక్క మాటతో! ఎనిమిది గంటల చాకిరీని ‘తీరిక’ అని పిలిస్తే ధర అడగనక్కర్లేదు కదా. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ పుస్తకం చెప్పిన మాట కూడా గుర్తుంచుకోవాలి.

కాబట్టి రెండింటినీ కలపకండి. డబ్బు కోసం చేసేది పని. దానికి సరైన ధర గట్టిగా అడిగి తీసుకోండి. మనసు కోసం చేసేది వేరు. దాన్నుంచి పైసా రానక్కర్లేదు. బాగా రానక్కర్లేదు కూడా!

రచయిత్రి అబ్బూరి ఛాయాదేవి పేరు వినే ఉంటారు. ‘తన మార్గం’ కథలకు 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆవిడకు బొమ్మలు చేయడం సరదా. రాతలో అంత పేరున్నా, తన చేతుల్తో బొమ్మలు చేసుకుంటూ మురిసిపోయేవారు. ఆవిడే ‘సుఖాంతం’ అనే కథలో కంటినిండా నిద్రకు మొహం వాచిన ఇల్లాలిని చూపించారు. హాబీ సంగతి తర్వాత, ముందు నిద్రే దొరకని తల్లులు ఎంతమందో. అలాంటివారికి ఆదివారం మధ్యాహ్నం తలుపేసుకుని రెండు గంటలు పడుకోవడమే మొదటి హాబీ కావాలి.

మరి ఎలా?

‘అన్నీ అయ్యాక నా పని చూసుకుంటా’ అంటే ఆ ‘అన్నీ’ ఎప్పటికీ అవవు. అందుకే రోజు, వేళ ముందే ఖాయం చేసుకోవాలి. ఆదివారం నాలుగు నుంచి ఆరు అనుకోండి. ఇంట్లో షిఫ్టు డ్యూటీలుంటే క్యాలెండర్ ముందు కూర్చుని వారం వారం మార్చుకోండి. రాసి గోడకు తగిలించండి. బతుకమ్మలాగే అందరికీ ముందే తెలియాలి.

సాయం అడగొద్దు, పని అప్పజెప్పండి. ‘కాస్త కూరలు తరిగి పెట్టవూ’ అంటే కూర బాధ్యత మీదే. ‘ఆదివారం రాత్రి వంట నాన్నది, యూనిఫాంలు పెద్దాడివి’ అంటే అది వాళ్ల పని. ఉప్పు ఎక్కువవుతుంది, అన్నం మెతుకు విడదు. కాలర్ ముడత అలాగే ఉంటుంది. వెళ్లి సరిచేయకండి. ‘నువ్వయితే ఇట్టే చేసేస్తావు’ అన్న పొగడ్తకు అసలు పడిపోకండి. ఆ పొగడ్తతోనే చాలామంది జీవితం వంటింట్లో గడిచిపోయింది.

వీలైతే గడప దాటండి. ఇంట్లో ఉంటే ‘అమ్మా, నా సాక్సులేవి?’ ఆగదు. ఖమ్మంలో ఉంటే లకారం చెరువు గట్టు, పాల్వంచ దగ్గరివాళ్లకు కిన్నెరసాని, భద్రాచలంలో గోదావరి ఒడ్డు. నలుగురు కలిసి వారానికో రామదాసు కీర్తన నేర్చుకోవచ్చు. కంచర్ల గోపన్న మన నేలకొండపల్లి వాడే కదా! ఒక నోటుపుస్తకం కొనుక్కుని అమ్మమ్మ చెప్పిన సామెతలు రాసుకోవచ్చు. తోడుంటే మానేయడం కష్టం. ‘నువ్వు రాకపోతే ఎలా వదినా?’ అనే మనిషి ఒకరుంటే చాలు.

అత్తమ్మ ఉన్న ఇంట్లో ఆవిడనూ పిలవండి. నలభై ఏళ్లుగా ఆవిడకూ ప్లేడే లేదు. ‘ఈ వయసులో నాకెందుకే’ అంటూనే పాతపాట అందుకుంటుంది చూడండి.

ఇక అయ్యలకు ఒక మాట. ప్లేడే నాడు డ్యూటీ చేస్తే రెట్టింపు కూలి రావాలని మీకు తెలుసు. అది న్యాయమనీ తెలుసు. ఇంట్లో ఆ లెక్కన బాకీ ఎన్నేళ్లదో ఒకసారి వేసి చూడండి. తీర్చలేరు, ఎవరూ తీర్చలేరు. కానీ ఈ ఆదివారం నుంచి కొత్త బాకీ పెరగకుండా చూసుకోవచ్చు.

సాయంత్రం నాలుగింటికి చుట్టాలెవరైనా వచ్చి ‘అమ్మ ఏదిరా?’ అని అడిగితే పిల్లాడు తడుముకోకుండా జవాబు చెప్పాలి. “అమ్మకు ఇవాళ ప్లేడే. టీ నేను పెడతా, కూర్చోండి!”