పశువుల మనోభావాలు: వ్యవసాయ శాస్త్రం దాటవేయకూడని ప్రశ్న

సంస్కృత అలంకారశాస్త్రంలో కృషి చేసిన పండితుడు ఆవులు, పందులు, కోళ్ల మనోభావాలపై గ్రంథాలు వ్రాయడం పశుపోషణ విద్యార్థులకు వింతగా తోచవచ్చు. జెఫ్రీ మాసన్ చేసినది అదే. 1941లో అమెరికాలోని చికాగోలో జన్మించిన ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సంస్కృతంలో డాక్టరేట్ పొంది, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. ఎం.వి. పట్వర్ధన్‌తో కలిసి అభినవగుప్తుని శాంతరస సిద్ధాంతంపై ఆయన వ్రాసిన గ్రంథాన్ని 1969లో పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ ప్రచురించింది. తరువాత మనోవిశ్లేషణ రంగంలో ప్రవేశించి, ఫ్రాయిడ్‌ను విమర్శించినందుకు 1981లో ఫ్రాయిడ్ పత్రాల భాండాగారంలోని పదవిని కోల్పోయారు. 1995లో సూసన్ మెకార్తీతో కలిసి జంతువుల ఉద్వేగ జీవితంపై 'వెన్ ఎలిఫెంట్స్ వీప్' అనే గ్రంథాన్నీ, 2003లో వ్యవసాయ పశువులపై 'ది పిగ్ హూ శాంగ్ టు ది మూన్' అనే గ్రంథాన్నీ వెలువరించారు.

ఈ గ్రంథాలు లేవనెత్తిన ప్రశ్న సరైనదే గాని, సమాధానానికి అనుసరించిన మార్గం అసంపూర్ణమైనది. ఆ లోపాన్ని కారణంగా చూపి ప్రశ్ననే తోసిపుచ్చడం మాత్రం వ్యవసాయ శాస్త్రానికి తగదు.

మాసన్ వాదనకు ఆధారం ప్రధానంగా ఉదంతాలే. పశుపాలకులు, సంరక్షకులు చెప్పిన సంఘటనలను ఆయన సానుభూతితో సేకరించారు. అయితే ఒక భావనను సమర్థించే ఉదంతాలు ఎన్ని పోగుపడినా, దానికి విరుద్ధమైన వాటిని కూడా లెక్కించనిదే అవి నిరూపణ కావు. పైగా, పశువుకు మనోభావాలున్నాయి గనుక పశుపోషణనే విడనాడాలన్న నిర్ణయం నీతికి సంబంధించినది. రెండు గేదెలపై ఆధారపడి బ్రతికే కుటుంబానికి విస్తరణ శాస్త్రవేత్త ఆ సలహా ఇవ్వలేడు. ఈ రెండు అభ్యంతరాలూ న్యాయమైనవే.

అయినప్పటికీ, పశువుల ఉద్వేగాలు పరిశీలనకు లొంగవన్న మూడవ అభ్యంతరం నిలవదు. డార్విన్ 1872లోనే మనుషులలోనూ జంతువులలోనూ ఉద్వేగాలు వ్యక్తమయ్యే తీరుపై గ్రంథం వ్రాశాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ప్రవర్తనావాదం బలపడిన తరువాత, మనిషి గుణాలను జంతువులకు ఆపాదిస్తున్నారన్న నిందకు వెరచి అనేకులు ఈ విషయానికి దూరంగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1941లో, అమెరికాలో ఎలీ, పీటర్సన్ అనే శాస్త్రవేత్తలు పాడి ఆవులను బెదరగొట్టి చూసి, భయపడిన ఆవు పాలు విడువదని ప్రయోగపూర్వకంగా చూపారు. పొదుగును స్పృశించినప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ పాలను చన్నులలోనికి దింపుతుంది. భయంవల్ల రక్తంలో చేరే అడ్రినలిన్ దానిని అడ్డుకుంటుంది. ఆస్ట్రేలియాలో హెమ్స్‌వర్త్ బృందం చేసిన పరిశోధనలు మరొక అడుగు ముందుకు వేశాయి. మోటుగా వ్యవహరించే పనివారి చేతిలో పందుల పెరుగుదల, పునరుత్పత్తి కుంటుపడతాయనీ, పనివారికి శిక్షణ ఇస్తే పాడి పశువుల భయం తగ్గుతుందనీ అవి తెలిపాయి. 2004లో హేగెన్, బ్రూమ్ ప్రచురించిన అధ్యయనంలో, ఒక పనిని స్వయంగా నేర్చుకొన్న పడ్డలు, నేర్చుకొనకుండానే అదే ఫలితం పొందిన పడ్డలకంటె ఎక్కువ ఉత్సాహం ప్రదర్శించాయి. హృదయ స్పందన, నడక వేగం కొలవదగినవే గదా!

మాసన్ తొలుత అధ్యయనం చేసిన రసశాస్త్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. లోపలి భావం నేరుగా కనిపించదు. అనుభావాలద్వారా, సాత్త్విక భావాలద్వారా అది తెలియవస్తుంది. స్తంభించడం, వణకడం, కంఠస్వరం మారడం ఆ శాస్త్రం పేర్కొన్న లక్షణాలే. పశువు చెవుల స్థితి, తోక కదలిక, కంటి తెల్లగుడ్డు కనిపించే మేర, అరుపులోని మార్పు ఆధారంగా దాని స్థితిని అంచనా వేసే నేటి ప్రవర్తనా శాస్త్రవేత్త చేసేదీ ఇదే రీతి అనుమానం. అట్టి అనుమానానికి కొలత, పోలిక, పునఃపరీక్ష తోడైనప్పుడు అది శాస్త్రమవుతుంది.

తెలుగు పశుపాలకులకు ఈ విషయం కొత్తది కాదు. దూడ నోరు తగలగానే పాలు పొదుగులోనికి దిగడాన్ని తెలుగువారు 'చేపు' అన్న ఒక్క మాటతో చెప్పుకొన్నారు. కొత్త మనిషి దగ్గరకు వస్తే గేదె చేపదని పాలు పితికే ఇల్లాలికి తెలుసు. అయితే మేపు, జాతి, టీకాలు, కృత్రిమ గర్భధారణ గురించి బోధించే విస్తరణ కార్యక్రమాలలో ఈ అనుభవానికి దక్కుతున్న స్థానం స్వల్పం.

ఈ ఉపేక్షకు మూల్యం చెల్లిస్తున్నది పశువే. పోషణ భారమని మగ దున్నదూడలను చాలినన్ని పాలు ఇవ్వక వదలివేయడం అందరికీ తెలిసినదే. దూడ చనిపోయిన గేదె చేపకపోతే, కొందరు పూటపూటా ఆక్సిటోసిన్ సూది వేస్తున్నారు. పశువు ఆరోగ్యానికి హాని కలిగించే విధంగా పాల కోసం ఏ పదార్థాన్నైనా ఎక్కించడాన్ని 1960 నాటి జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టం నేరంగా పరిగణిస్తుంది. చట్టాన్ని గుర్తుచేసినంత మాత్రాన రైతు సమస్య తీరదు. దూడ చావును నివారించడం, ఒకే మనిషి ఒకే వేళకు నెమ్మదిగా పితకడం, దాణా ముందుంచి పొదుగును మర్దించడం, పాకలో అరుపులూ దెబ్బలూ లేకుండా చూడడం అతనికి చూపవలసిన మార్గాలు. ఇవన్నీ పశువు భయాన్నీ నమ్మకాన్నీ లెక్కలోనికి తీసుకొనే పద్ధతులే.

కనుక పశువు ప్రవర్తనను గమనించి నమోదు చేయడం స్నాతక స్థాయి ప్రయోగ తరగతులలో భాగం కావాలి. కృషి విజ్ఞాన కేంద్రాల పాడి శిక్షణలో పశువును పట్టే తీరు, పితికే తీరు ఒక పాఠంగా చేరాలి. జత ఎద్దు పోతే మిగిలినది మేత ముట్టదన్న రైతు మాట విన్న విద్యార్థి నవ్వి ఊరుకొనరాదు, నమ్మి ఊరుకొననూరాదు. ఆ ఎద్దు తిన్న మేతను రోజూ తూచి, జత పోని ఎద్దుల మేతతో పోల్చి చూడాలి. మాసన్ ఉదంతాలవద్ద నిలిపిన పనిని ముందుకు తీసుకొనిపోవడానికి అవసరమైన పశువులు, తూకాలు, విద్యార్థులు వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలలో ఇప్పటికే ఉన్నారు.