ఏ త్రాసుతో తూచాలి?

అనుమసముద్రంపేటను మన నెల్లూరు జిల్లా వాళ్ళు ఏ.ఎస్.పేట అనే పిలుస్తారు. హజ్రత్ ఖ్వాజా రహమతుల్లా నాయబ్-ఎ-రసూల్ దర్గా వల్ల ఆ ఊరి పేరు జిల్లా ఎల్లలు దాటి వినబడుతుంది. అక్కడికి వచ్చేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. ఎన్నికల కాలంలో నాయకులూ వస్తారు. వారిలో ఎవరు మసీదుకు వెళ్ళేవారో, ఎవరు గుడికి వెళ్ళేవారో, ఎవరు చర్చికి వెళ్ళేవారో ఊరందరికీ తెలుసు.

ఇటీవల ఆ ఊళ్ళో మా బంధువుల ఇంట దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నప్పుడు మాటల్లో మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారి తిరుమల ప్రయాణం ప్రస్తావన వచ్చింది. డిగ్రీ చదువుతున్న ఆ ఇంటి కుర్రవాడు తేల్చి చెప్పేశాడు: "ఆయన చర్చి మనిషి. చర్చి ఏం చెబితే అదే చేస్తాడు. మనవాళ్ళు ఆయనను ఎలా నమ్మారు?"

వాడి మామూ ఒప్పుకోలేదు. "చర్చి చెప్పింది చేస్తే నాకేం బాధ లేదు. పొరుగువాడిని ప్రేమించమని, పేదవాడిని ఆదుకోమని వాళ్ళ గ్రంథం చెబుతుంది. దాని ప్రకారం నడిచాడా లేదా అన్నదే నేను చూస్తాను" అన్నాడు.

అంతవరకూ మౌనంగా వడ్డిస్తున్న దాదీ ఒక్క మాట అన్నది: "బేటా, నీళ్ళ కోసం మన వీధిలో బిందెలు వరుసకట్టిన రోజుల్లో మన మెంబరు ఐదు పూటలా నమాజు చదివేవాడు. వాడిని దేనితో తూచాలి?"

అందరూ నవ్వారు. మాకు మాత్రం ఆ ప్రశ్న ఇంటికి వచ్చిన తరువాత కూడా మనసులోంచి పోలేదు. కుర్రవాడి మాటకూ మామూ మాటకూ మధ్య పైకి ఎంతో తేడా ఉన్నది. ఒకరు అనుమానంతో అన్నారు, మరొకరు ఆశతో అన్నారు. కానీ ఇద్దరి చేతిలోనూ ఉన్న త్రాసు ఒక్కటే. నాయకుడిని అతడి చర్చి బోధలతో తూచాలన్నదే ఇద్దరి ఉద్దేశం. ఆ త్రాసు సరైనదేనా?

మొదట జరిగినదేమిటో గుర్తు చేసుకుందాం. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి విషయమై ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు చేసిన ఆరోపణతో రాష్ట్రమంతా అట్టుడికింది. ఆ వేడిలోనే సెప్టెంబరు 28న తిరుమలకు వెళ్తానని జగన్‌మోహన్ రెడ్డి గారు ప్రకటించారు. హిందువులు కానివారు దర్శనానికి ముందు స్వామిపై విశ్వాసం తెలుపుతూ డిక్లరేషన్ ఇవ్వాలన్న దేవస్థానం నిబంధన చర్చకు వచ్చింది. ముందురోజే ఆయన ప్రయాణం రద్దు చేసుకున్నారు. నాలుగు గోడల మధ్య తాను బైబిల్ చదువుతాననీ, బయటికి వచ్చాక అన్ని మతాలనూ గౌరవిస్తాననీ, తన మతం మానవత్వమనీ ఆ రోజు విలేకరులతో అన్నారు. సెప్టెంబరు 30న ఈ నెయ్యి వివాదాన్ని విచారించిన సుప్రీంకోర్టు, దేవుళ్ళను రాజకీయాలకు దూరంగా ఉంచాలని వ్యాఖ్యానించింది.

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీయడం అవసరం. ఒక ఆరాధనా స్థలానికి దాని నియమాలు దానికి ఉంటాయి. మన మసీదులకూ మర్యాదలు ఉన్నాయి. వాటిని వచ్చినవారు పాటించాలని మనమూ కోరుకుంటాం. రాష్ట్రపతిగా ఉన్న అబ్దుల్ కలాం గారు తిరుమలకు వెళ్ళినప్పుడు ఆ రిజిస్టరులో సంతకం చేశారు. ఆ నిబంధన మంచిచెడ్డలు ఆ క్షేత్రానికీ, అక్కడికి వెళ్ళేవారి అంతరాత్మకూ సంబంధించినవి. కానీ ఆ వివాదం అక్కడితో ఆగలేదు. "ఈయన ఏ దేవుడిని నమ్ముతాడు?" అన్న ప్రశ్న నెమ్మదిగా "ఈయన పాలించడానికి తగినవాడేనా?" అన్న ప్రశ్నగా మారింది. గుడి గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నను ఓటు పెట్టె దగ్గరికి మోసుకు వచ్చారు. మనకు సంబంధించిన విషయం అక్కడే మొదలవుతున్నది. ఆత్మకూరు నియోజకవర్గంలో భాగమైన ఏ.ఎస్.పేట ఓటర్లకు ఇది దూరపు ముచ్చట కూడా కాదు. 2024లో ఇక్కడ గెలిచిన ఆనం రామనారాయణ రెడ్డి గారే నేడు రాష్ట్ర దేవాదాయ శాఖ మంత్రి.

కుర్రవాడి మాటను అనుభవంతో పరీక్షిద్దాం. చర్చి బోధలను చూసి నాయకుడు ఏం చేస్తాడో ముందే చెప్పగలమా? క్రైస్తవ కుటుంబానికి చెందిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారిపై మతమార్పిడులను ప్రోత్సహిస్తున్నారన్న ఆరోపణలు వచ్చాయి. తిరుమల వంటి క్షేత్రాలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఆర్డినెన్సు తెచ్చినది ఆయన ప్రభుత్వమే. వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ అదే ఏడాది చట్టం చేసినదీ ఆ ప్రభుత్వమే. హైకోర్టు కొట్టివేసినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఆ రిజర్వేషన్లు నిలిచాయి. ఆ సీటుతో చదువుకున్న పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఈ పనులను ఏ చర్చి బోధ చూసి ఎవరు ముందుగా ఊహించగలిగేవారు?

దీనికి రెండో వైపు కూడా చూడాలి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లు పార్లమెంటుకు వచ్చింది. మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు, జైనులకు, పార్శీలకు, క్రైస్తవులకు అందులో చోటున్నది. ముస్లిములకు లేదు. ఆ బిల్లును జగన్‌మోహన్ రెడ్డి గారి పార్టీ బలపరిచింది. తెలుగుదేశమూ బలపరిచింది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు వచ్చినప్పుడు లోక్‌సభలో తెలుగుదేశం దానిని బలపరచగా, వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. 2019కీ 2025కీ మధ్య చర్చి బోధలు మారలేదు. మారినవి రాజకీయ పరిస్థితులు, పొత్తులు, లెక్కలు. అందుచేత చర్చి బోధలతో నాయకుడిని తూచేవాడు రెండు విధాలా మోసపోతాడు. చేసిన మేలుకు కృతజ్ఞత చెప్పలేడు. చేసిన అన్యాయానికి లెక్క అడగలేడు.

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. 1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్ కెన్నడీ కాథలిక్కు. ఆయన గెలిస్తే పోపు చెప్పినట్టు పాలన నడుస్తుందని ప్రొటెస్టంట్లలో చాలామంది భయపడ్డారు. ఆ సెప్టెంబరు 12న హ్యూస్టన్ నగరంలో ప్రొటెస్టంట్ మతాచార్యుల ఎదుట నిలబడి, ప్రజా వ్యవహారాలలో తాను చర్చి తరఫున మాట్లాడననీ, చర్చి తన తరఫున మాట్లాడదనీ ఆయన వివరించవలసి వచ్చింది. 2007 జనవరిలో ఆ దేశ కాంగ్రెసులో తొలి ముస్లిం సభ్యుడు కీత్ ఎల్లిసన్ ఖుర్‌ఆన్ ప్రతిపై ప్రమాణం చేయదలచినప్పుడు అభ్యంతరాలు లేచాయి. ఒకనాటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ గ్రంథాలయంలోని ఖుర్‌ఆన్ ప్రతిపైనే ఆయన చేయి ఉంచారు. ఎల్లిసన్‌ను అతడి ధర్మాన్ని చూసి అనుమానించడం తప్పని మనం అంటాం. అలా అంటూనే మరొకరిని అతడి చర్చిని చూసి అనుమానిస్తే మన మాటకు విలువ ఏముంటుంది? ఇచ్చేటప్పుడు ఒక కొలత, పుచ్చుకునేటప్పుడు మరో కొలత వాడేవారిని దివ్య ఖుర్‌ఆన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో ముతఫ్ఫిఫీన్ సూరా చదివినవారికి తెలుసు.

ఇక మన ధర్మం ఏమంటున్నదో చూద్దాం. అమానతులను వాటికి అర్హులైనవారికి అప్పగించాలనీ, తీర్పు చెప్పేటప్పుడు న్యాయంగా చెప్పాలనీ అన్-నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తున్నది. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదన్నది అల్-మాయిదా సూరా 8వ ఆయతు సారాంశం. ఒకరి భారం మరొకరు మోయరన్న మాట అల్-అన్ఆమ్ సూరాలో ఉన్నది. ఓటు ఒక అమానతు. దానిని ఇచ్చేటప్పుడు ఎదుటివాడి భుజాన అతడి మతస్థులందరి లెక్కలూ మోపడం ఈ ఆదేశాలతో పొసగదు.

ఆచరణలో దీనికి నజాషీ కథ కంటే గొప్ప ఉదాహరణ లేదు. మక్కాలో హింస భరించరానిదైనప్పుడు, దాదాపు క్రీ.శ. 615లో, దైవప్రవక్త ముహమ్మద్ (స) తన అనుచరులను కొందరిని అబిసీనియాకు పంపారు. ఆ దేశపు రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడు. హజ్రత్ ఈసా (అలై) గురించి అతడి చర్చి బోధ మన విశ్వాసానికి భిన్నమని ప్రవక్త (స) వారికి తెలియనిది కాదు. అయినా ఆయన రాజును ఎంచుకున్నది ఒక్క గుణం చూసి. అతడి రాజ్యంలో ఎవరికీ అన్యాయం జరగదు. ఆ ఒక్క భరోసాతోనే కన్నకూతురు హజ్రత్ రుఖయ్యా (ర)ను, అల్లుడు హజ్రత్ ఉస్మాన్ (ర)ను సముద్రం దాటించి పంపారు.

ఖురైషులు వెనకాలే దూతలను పంపి, పారిపోయి వచ్చినవారిని అప్పగించమన్నారు. రెండో పక్షం మాట వినకుండా అప్పగించడానికి రాజు ఒప్పుకోలేదు. హజ్రత్ జాఫర్ (ర) మాట్లాడారు, మర్యమ్ సూరాలోని ఆయతులు వినిపించారు. ఓడిపోయిన దూతలు మరునాడు ఇంకో ఎత్తు వేశారు. వీరు ఈసా గురించి మీకు గిట్టని మాట అంటారని రాజు చెవిన వేశారు. అంటే న్యాయం సంగతి పక్కన పెట్టి, సిద్ధాంతంతో తూచమని రాజును రెచ్చగొట్టారు. హజ్రత్ జాఫర్ (ర) తమ విశ్వాసాన్ని దాచకుండా చెప్పారు. కొలువులోని మతాచార్యులు గొణిగినా రాజు తొణకలేదు. శరణార్థులకు రక్షణ ఇచ్చి, దూతల కానుకలు తిప్పి పంపాడు. ఆ తరువాత ఆయన ఇస్లాం స్వీకరించడం, మరణించినప్పుడు ప్రవక్త (స) జనాజా నమాజు చేయడం వేరే విషయం. మన పెద్దలను పంపిన నాడు త్రాసులో పెట్టినది అతడి న్యాయాన్నే.

అయితే నాయకుడి విశ్వాసానికి విలువే లేదా అని కొందరు అడుగుతారు. మామూ మాటలో సత్యం ఉన్నది ఇక్కడే. భయభక్తులు ఉన్నవాడు లంచానికి వెనుకాడతాడని మనం ఆశిస్తాం. ఆ ఆశ తప్పు కాదు. కానీ అతడు తన చర్చికి ఎంతవరకు విధేయుడో తేల్చే పని అతడి చర్చిది, అంతిమంగా దేవునిది. మనది కాదు. ఒక్క సందర్భంలో మాత్రం అడిగే హక్కు మనకు వస్తుంది. నాయకుడే తన భక్తిని వేదిక ఎక్కించి, దానిని చూపి ఓటు అడిగితే, ఆ భక్తి ఏం నేర్పిందో చేతల్లో చూపించమని అతడిని నిలదీయవచ్చు. చాదర్ పట్టుకుని దర్గాకు వచ్చినవాడినీ, శిలువ చూపినవాడినీ, బొట్టు పెట్టుకుని వచ్చినవాడినీ ఒకే మాట అడగాలి. మతం పేరిట ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతికరమైన పద్ధతి. ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇచ్చింది.

మరి దాదీ ప్రశ్న? అదే అన్నిటికంటే కష్టమైనది. ఎందుకంటే ఆమె త్రాసును మన వైపు తిప్పింది. మనవాడన్న కారణంతో అసమర్థుడికి ఓటు వేయడం కూడా మతంతో తూచడమే. నమాజు అతడికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న బంధం. కుళాయి అతడికీ మనకూ మధ్య ఉన్న అమానతు. మొదటిదానిని చూపి రెండోదానిని ఎగ్గొట్టే వీలు ఏ ముస్లిముకూ లేదు.

పదవి చేపట్టే ప్రతి మంత్రీ ఒక ప్రమాణం చేస్తాడు. దేవుని పేరిట చేసినా, అంతఃకరణ సాక్షిగా చేసినా, దాని సారం ఒక్కటే: భయం గాని, పక్షపాతం గాని, రాగద్వేషాలు గాని లేకుండా ప్రజలందరికీ న్యాయం చేస్తాను. అల్-మాయిదా సూరా మన నుంచి కోరినదీ ఇంచుమించు ఇదే కదా! రాజ్యాంగం నాయకుడి నుంచి అడుగుతున్నదీ, అల్లాహ్ మన నుంచి అడుగుతున్నదీ ఇక్కడ కలుస్తున్నాయి. వక్ఫ్ భూముల విషయంలో ఎటు ఓటు వేశావు? మా పిల్లల స్కాలర్‌షిప్పులు ఏమయ్యాయి? మా వీధికీ పక్కనున్న దళితవాడకూ నీళ్ళు సమానంగా వచ్చాయా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఎవరూ తమ చర్చి పేరు చెప్పనవసరం లేదు.

చివరగా ఇళ్ళలో పెద్దలకు ఒక విన్నపం. ఆ రోజు దస్తర్‌ఖాన్ చుట్టూ బడికి వెళ్ళే చిన్నపిల్లలూ ఉన్నారు. వాళ్ళ బెంచీలో వాళ్ళ పక్కన కూర్చునే పిల్లవాడు ఆదివారం చర్చికి వెళ్ళేవాడు కావచ్చు. "చర్చి మనుషులు ఇంతే" అన్న మాట మనకు రాజకీయం. వాళ్ళకు అది స్నేహితుడి గురించిన తీర్పు. రేపు మరో ఇంట్లో, మరో భోజనం దగ్గర, మన పిల్లవాడి గురించీ అలాంటి మాటే ఎవరో అంటారు. అది అనకూడదని మనం కోరుకుంటే, ముందు మన ఇంట మానాలి.

నజాషీ నీడన ప్రాణాలు నిలుపుకున్న సముదాయానికి వారసులం మనం. న్యాయం ఎక్కడ కనిపించినా గుర్తించే చూపును, అన్యాయం మనవాడు చేసినా ప్రశ్నించే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.